కన్ను చెప్పని వేగం

నాలుగు వరుసల హైవే మీద, ఊరి దగ్గర బస్సు ఆగింది. చేతిసంచితో ఒక అవ్వ దిగింది. పొద్దు గూకుతోంది కాని ఇంకా కాస్త వెలుతురుంది. ఆమె ఇల్లు రోడ్డుకు అవతలి పక్క. "చూసుకొని దాటు అవ్వా" అని కండక్టర్ విజిలేశాడు, బస్సు వెళ్లిపోయింది. అవ్వ కుడివైపు చూసింది. చాలా దూరంలో ఒక కారు, నిలబడ్డట్టే కనబడుతోంది. కొంగు బిగించి అడుగు ముందుకేసింది.

ఇది నేను కల్పించిన దృశ్యమే. అయినా హైదరాబాదు నుంచి విజయవాడ దాకా, అక్కణ్నుంచి విశాఖ దాకా హైవే పక్కనున్న ఏ ఊరివాళ్లకూ ఇది కొత్త కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో 32,825 మంది ఏ బండీ ఎక్కనివాళ్లు, కాలినడకన పోతున్నవాళ్లు. అంటే రోజుకు 90 మంది. ఇలాంటి ప్రతి చావు దగ్గరా చుట్టూ చేరినవాళ్ల నోట వినబడే మాట ఒకటుంది: చూసుకోకుండా దాటాడు, చూసుకోకుండా దాటింది.

మన అవ్వ చూసుకునే దాటింది. కన్ను ఆమెకు నిజం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కాగితం మీద లెక్క వేసి చూపించవచ్చు.

అవ్వకు కావలసిన తొమ్మిది సెకన్లు

డివైడర్ దాకా రోడ్డు వెడల్పు 7 మీటర్లనుకుందాం. రెండు వరుసలకు మామూలుగా ఉండే కొలత అదే. ఆరోగ్యంగా ఉన్న మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని రోడ్డు ఇంజనీర్లు లెక్కలోకి తీసుకుంటారు. అలాంటివాళ్లకు ఈ దూరం దాటడానికి ఆరు సెకన్లు చాలు. మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల మనిషి సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే గొప్పే. ఆమెకు దాదాపు తొమ్మిది సెకన్లు కావాలి, కచ్చితంగా చెప్పాలంటే 8.75.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ 8.75 సెకన్లలో 194 మీటర్లు వస్తుంది. అంటే అవ్వ అడుగు వేసేటప్పుడు ఆ కారు 194 మీటర్ల కంటే దగ్గర్లో ఉంటే ఆమె అవతలికి చేరేలోపు అది వచ్చేస్తుంది. సరే, 194 మీటర్ల దూరంలో కారు ఎంత కనిపిస్తుంది? కారు వెడల్పు 1.7 మీటర్లు. ఆ దూరంలో అది కంటి దగ్గర అర డిగ్రీ కోణం చేస్తుంది. ఆకాశంలో చందమామ కనిపించే పరిమాణం సరిగ్గా అంతే. అవ్వ ప్రాణం ఆ కాస్త పరిమాణంలో ఉన్న బొమ్మ మీద ఆధారపడి ఉంది. అది దూరంగా ఉందని ఆమెకు తెలుసు. ఎంత వేగంగా వస్తోందో తెలియాలి.

ఇక్కడే చిక్కు. ఒక బండి మన ముందు నుంచి అడ్డంగా పోతుంటే దాని వేగం మనకు ఇట్టే తెలుస్తుంది, ఎందుకంటే దాని వెనకాల ఉన్న చెట్లూ స్తంభాలూ దాటుకుంటూ అది పక్కకు జరుగుతుంది. మన వైపే నేరుగా వచ్చే బండి పక్కకు జరగదు. ఉన్నచోటే ఉండి పెద్దదవుతుంది, అంతే. ఆ పెద్దవడం ఒక్కటే కంటికి దొరికే ఆధారం. దగ్గరికి వచ్చేకొద్దీ అది పెరిగే తీరు కూడా విచిత్రంగా ఉంటుంది. దూరం సగమైతే పెరిగే జోరు నాలుగు రెట్లవుతుంది. అందుకే చాలాసేపు ఏమీ జరగనట్టుండి, చివర్లో ఒక్కసారిగా మీద పడ్డట్టు అనిపిస్తుంది. అలా చివర్లో తేరుకున్నవాళ్లు ముందుకు పోవాలో వెనక్కి రావాలో తెలియక నడిరోడ్డు మీద నిలబడిపోతారు.

అవ్వ చూసిన క్షణంలో ఆ కారు బొమ్మ పెరుగుతున్న జోరు సెకనుకు డిగ్రీలో పదిహేడో వంతు. ఇంత నెమ్మదిగా జరిగే పెరుగుదలను మనిషి కన్ను పట్టలేదు. డ్రైవింగ్ మీద పరిశోధన చేసేవాళ్లు మామూలుగా వాడే హద్దు సెకనుకు 0.003 రేడియన్, అంటే డిగ్రీలో ఆరో వంతు. ఆ జోరు దాటితేనే "వస్తోంది" అని తెలుస్తుంది. దానికి లోపల ఎంత వేగంగా వస్తున్న బండైనా నిలబడ్డట్టే ఉంటుంది.

ఇప్పుడు ఈ హద్దును పట్టుకుని వెనక్కి లెక్క కడదాం. 80లో వచ్చే కారు 112 మీటర్ల దగ్గరికి వచ్చాకే అది కదులుతోందని కన్ను చెబుతుంది. అక్కణ్నుంచి అది ఆమె దగ్గరికి రావడానికి 5 సెకన్లు పడుతుంది. అవ్వకు కావలసినవి దాదాపు తొమ్మిది. కన్ను హెచ్చరిక ఇచ్చేసరికి ఆమె రోడ్డు మధ్యలో ఉంటుంది.

అదే కారు 40లో వస్తే? హెచ్చరిక 79 మీటర్ల దగ్గర అందుతుంది. దూరం తగ్గింది కాని, కారు రావడానికి 7 సెకన్లు పడుతుంది. వేగం పెరిగేకొద్దీ కన్ను ఇచ్చే గడువు తగ్గిపోతోందన్నమాట. దూరాన్ని చూసి అంచనా వేసుకునే మనిషికి ఇది మరీ ప్రమాదం. పెద్దవయసువాళ్లు రోడ్డు దాటేటప్పుడు బండి వేగం కంటే అది ఎంత దూరంలో ఉందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడతారని ఫ్రాన్సులోనూ ఆస్ట్రేలియాలోనూ జరిగిన ప్రయోగాల్లో కనబడింది. నిదానంగా వచ్చే బండ్ల మధ్య బతికినంతకాలం ఆ పద్ధతి పనిచేస్తుంది. ఎడ్లబండీ సైకిలూ తిరిగిన రోడ్డే ఇప్పుడు నాలుగు వరుసలైంది. అవ్వ నేర్చుకున్న అంచనా మాత్రం పాతదే.

బండి సన్నగా ఉంటే పరిస్థితి ఇంకా అన్యాయం. హ్యాండిల్‌తో కలిపి 0.7 మీటర్ల వెడల్పున్న బైకు 80లో వస్తుంటే కన్ను ఇచ్చే గడువు 3 సెకన్లు. రెండున్నర మీటర్ల లారీకి 6 సెకన్లు. రోడ్డు మీద మనం లారీకి భయపడతాం, బైకును లెక్కచేయం. లెక్క తిరగేసి చెబుతోంది. చీకటి పడ్డాక బైకు ఆకారం మాయమై ఒక్క దీపమే మిగులుతుంది. కారుకైతే రెండు దీపాల మధ్య ఎడం పెరగడం చూసి ఎంతో కొంత గ్రహించవచ్చు. ఒంటి దీపానికి ఆ ఎడమే లేదు. కాంతి పెరగడం కొంత సాయం చేస్తుంది కాని, ఆకారం పెరిగే లెక్కొకటే చూసుకుంటే రెండు సెకన్లు కూడా మిగలవు.

ఈ గణితం పుట్టిన చోటు గురించి ఒక చిన్న ముచ్చట. మీదికి వచ్చే వస్తువు దూరం తెలియకపోయినా, వేగం తెలియకపోయినా, ఎంతసేపట్లో వచ్చి తగులుతుందో చెప్పవచ్చు. అది కనిపించే కోణాన్ని, ఆ కోణం పెరిగే జోరుతో భాగిస్తే చాలు. ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ 1957లో రాసిన 'ది బ్లాక్ క్లౌడ్' అనే నవలలో, భూమి వైపు వస్తున్న ఒక మేఘం ఎప్పుడు చేరుతుందో శాస్త్రజ్ఞులు ఈ లెక్కతోనే కనుక్కుంటారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ లీ 1976లో ఇదే సూత్రాన్ని బ్రేకు వేసే డ్రైవర్లకు అన్వయించాడు. చేపల కోసం సముద్రంలోకి నిలువునా దూకే గానెట్ పక్షులు నీటిని తాకబోయే ముందు రెక్కలు ఎప్పుడు ముడుచుకుంటాయో కూడా ఆయన దీనితోనే వివరించాడు. సూత్రం అందంగా ఉంది. అయితే పెరిగే జోరు కంటికి ఆననంత తక్కువైతే భాగహారం చేయడానికి మెదడుకు అంకె ఉండదు.

మేడ మీద నిలబడి చూసేవాడికి, టీకొట్టు బల్ల మీద కూర్చున్నవాడికి ఆ కారు అడ్డంగా పోతూ కనిపిస్తుంది. దాని వేగం వాళ్లకు స్పష్టంగా తెలుస్తుంది. "అంత జోరుగా వస్తుంటే ఎలా దిగింది రోడ్డు మీదికి?" అని వాళ్లు నిజాయితీగానే ఆశ్చర్యపోతారు. పంచనామాలో సాక్ష్యం చెప్పేదీ వాళ్లే. అవ్వ నిలబడ్డ చోట నిలబడి చూస్తే వాళ్లకూ ఆ వేగం కనబడదు.

పిల్లల కళ్లు

పెద్దవాళ్ల సంగతే ఇలా ఉంటే బడిపిల్లల మాట? లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే కళాశాలలో జాన్ వాన్, ఆయన సహచరులు దీన్ని పరీక్షించారు. 2011లో వాళ్ల ఫలితాలు అచ్చయ్యాయి. ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు ఈ పెద్దవడాన్ని పట్టుకునే శక్తి పెద్దవాళ్లకంటే చాలా తక్కువ. గంటకు 20 మైళ్లకు, అంటే 32 కిలోమీటర్లకు మించిన వేగంతో కారు వస్తుంటే, కొన్ని పరిస్థితుల్లో అది వస్తోందన్న సంగతినే పిల్లలు నమ్మకంగా గుర్తించలేకపోయారు. అల్లరి వల్లో, అజాగ్రత్త వల్లో కాదు. ఆ వయసుకు దృష్టి వ్యవస్థ ఇంకా పూర్తిగా తయారు కాలేదు, అంతే.

"కుడివైపు చూడు, ఎడమవైపు చూడు, మళ్లీ కుడివైపు చూడు" అని మనం బడిలో పాఠం చెబుతాం. చెప్పాల్సిందే. కాని ఎనిమిదేళ్ల పిల్లవాడు మూడుసార్లు చూసినా 60లో వచ్చే బైకు కదలిక వాడికి తెలియకపోవచ్చు. బడి ముందు రోడ్డు మీద వేగం 30 దాటకుండా చూడటం పెద్దల పని. పిల్లవాడికి పాఠం చెప్పి ఆ పని అయిపోయిందనుకోవడం నా దృష్టిలో బాధ్యత దులుపుకోవడమే.

సెకనున్నర

ఇప్పుడు స్టీరింగ్ వెనక్కి వద్దాం. డ్రైవర్ కూడా మనిషే, అతని కన్నూ అదే కన్ను. అడ్డం వచ్చిన ఆకారం కంట పడాలి, అది మనిషని మెదడు పోల్చుకోవాలి, ఆపాలా తప్పించాలా తేల్చుకోవాలి, యాక్సిలరేటర్ మీది కాలు లేచి బ్రేకు మీద పడాలి. ఈ మొత్తానికీ సగటున సెకనున్నర అనుకుంటే పెద్ద పొరపాటుండదు. ఈ సెకనున్నరలో బండి ఒక్క పిసరు కూడా నెమ్మదించదు.

ఆరిన తారు రోడ్డు, అరగని టైర్లు, బలంగా తొక్కిన బ్రేకు అనుకుని లెక్క వేశాను. 40లో ఉన్న కారు ఆ సెకనున్నరలో దాదాపు 17 మీటర్లు పోతుంది, బ్రేకు పడ్డాక మరో తొమ్మిదిన్నర మీటర్లలో ఆగుతుంది. మొత్తం 26 మీటర్లు. 60లో ఉన్న కారు బ్రేకు పడకముందే 25 మీటర్లు పోయి ఉంటుంది, ఆగేసరికి 46. 80లో ఉన్నది 71.

ఈ అంకెల్లో దాగిన విషయం ఒకటుంది. డ్రైవర్లు దాన్ని ఒక్కసారి మనసు పెట్టి చదవాలని నా కోరిక. 26 మీటర్ల ముందు ఒక మనిషి రోడ్డు మీదికి వచ్చాడు. 40లో ఉన్న కారు అతని ముందు ఆగిపోతుంది. ఇద్దరూ ఒకరినొకరు నాలుగు తిట్లు తిట్టుకుని ఇళ్లకు పోతారు. 50లో ఉన్న కారు అతన్ని 40 వేగంతో కొడుతుంది. మరి 60లో ఉన్నది? ఇంకో పది పెరిగింది కాబట్టి ఏ 50తోనో కొడుతుందనుకుంటాం. 58తో కొడుతుంది. ఎందుకంటే అప్పటికి బ్రేకు పట్టుకుని మీటరు దూరమే అయింది. అదే రోడ్డు, అదే డ్రైవరు, అంతే చురుకుదనం.

మరి 58తో కొట్టడమంటే ఎంత? గంటకు 30 కిలోమీటర్ల దెబ్బ మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఒక అంతస్తు డాబా మీద నుంచి పడ్డ దెబ్బతో సమానం. 60ది 14 మీటర్ల ఎత్తు నుంచి పడినట్టు, అంటే నాలుగంతస్తుల మేడ. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలవుతుంది. అమెరికాలో 2011లో బ్రయన్ టెఫ్ట్ అనే పరిశోధకుడు ప్రమాదాల వివరాలన్నీ విశ్లేషించి ఇచ్చిన అంచనా ఇది: కారు ఢీకొట్టిన వేగం 37 కిలోమీటర్లైతే నడిచే మనిషి చనిపోయే అవకాశం నూటికి 10, వేగం 51 అయితే 25, 68 అయితే 50, 80 అయితే 75. ఇది అన్ని వయసుల సగటు. డెబ్బై ఏళ్ల మనిషికి 40లో తగిలిన దెబ్బ, ముప్పై ఏళ్ల మనిషికి 56లో తగిలిన దెబ్బతో సమానమని కూడా ఆయన లెక్కలో తేలింది. వైద్యం వెంటనే అందే దేశపు అంకెలివి.

వేగంతోపాటు బండి ముఖం తీరు కూడా చూడాలి. మామూలు కారు తగిలినప్పుడు ముందు బంపర్ మోకాలి దగ్గర కొడుతుంది, మనిషి బానెట్ మీదికి ఒరుగుతాడు. ఎముకలు విరుగుతాయి కాని శక్తి కొంత బానెట్ రేకులో ఖర్చవుతుంది. నిలువు ముఖం ఉన్న ఎత్తైన బండి నేరుగా నడుముకో రొమ్ముకో తగిలి మనిషిని ముందుకు తోసి కింద పడేస్తుంది. పిల్లలకైతే తలకే. అమెరికాలో బీమా సంస్థల రోడ్డు భద్రతా సంస్థ 2023లో తేల్చిన ప్రకారం, బానెట్ ఎత్తు మీటరు దాటిన బండ్లు తగిలితే, ముప్పావు మీటరుకు మించని ఏటవాలు బానెట్ కార్లతో పోలిస్తే చావు అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువ. ఇది చాలదన్నట్టు మనవాళ్లు బంపర్ ముందు ఇనప గొట్టాల బుల్ బార్ బిగిస్తారు. రేకు నలిగి మింగాల్సిన శక్తిని ఆ గొట్టం మనిషి ఎముకకు అందిస్తుంది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వీటిని చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. రాజకీయ నాయకుల కాన్వాయ్‌లను చూస్తే ఆ ఉత్తరం అందరికీ అందినట్టు లేదు.

ఫోను సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క అంకెతో వదిలేస్తాను. 60లో పోతూ రెండు సెకన్లు స్క్రీన్ వైపు చూస్తే బండి 33 మీటర్లు గుడ్డిగా పోతుంది.

చూస్తూ కూడా చూడకపోవడం అంతకంటే ఆసక్తికరమైన సంగతి. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక వీడియో చూపించి, బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి తాపీగా నడుచుకుంటూ పోయింది. చూసినవాళ్లలో దాదాపు సగంమందికి గొరిల్లా కనబడలేదు. కూడలిలో ఎడమకు తిరిగే మన డ్రైవర్ చేసేది కూడా ఇదే. కుడివైపు నుంచి వచ్చే బండ్ల కోసమే అతని కళ్లు వెతుకుతుంటాయి. ఎడమ మూల నుంచి రోడ్డు మీదికి దిగిన మనిషి అతని లెక్కలోనే లేడు. కొందరు దీనికి హారన్ విరుగుడనుకుంటారు. హారన్ బండి వేగాన్ని ఏమాత్రం తగ్గించదు. దానికి బెదిరి, సగం దాటిన మనిషి వెనక్కి పరుగెత్తడం మాత్రం రోజూ చూస్తూనే ఉంటాం.

చీకటిలో తెల్ల పంచె

రాత్రిపూట నడిచే మనిషికి ఒక భ్రమ ఉంటుంది. దూరం నుంచే బండి దీపం తనకు కళ్లు చెదిరేలా కనిపిస్తుంది కాబట్టి, తనూ వాళ్లకు కనిపిస్తున్నాననుకుంటాడు. 1970ల నుంచి చేసిన ప్రయోగాలన్నీ ఒకే మాట చెబుతున్నాయి: నడిచేవాళ్లు తాము కనిపిస్తున్నామని అనుకునే దూరం, డ్రైవర్‌కు నిజంగా కనిపించే దూరంకన్నా చాలా ఎక్కువ. లో బీమ్ దీపం వెలుగు రోడ్డు మీదికి వంగి ఉంటుంది. ముదురు రంగు చీరో ప్యాంటో వేసుకున్న మనిషి ఆ వెలుగులోకి వచ్చేసరికి బండి బాగా దగ్గర పడుతుంది. 80లో ఆగడానికి 71 మీటర్లు కావాలన్న లెక్క ఇక్కడ గుర్తు తెచ్చుకోండి.

ఎదుటి బండి హై బీమ్ వేసుకొస్తుంటే ఇంకో ప్రమాదం. రెండు బండ్ల దీపాల మధ్య, రోడ్డు నడిమి గీత మీద నిలబడ్డ మనిషి ఇద్దరి వెలుగులోనూ ఉన్నా ఇద్దరికీ కనబడకుండా పోతాడు. ఆ మిరుమిట్ల వెనక అతని ఆకారం కరిగిపోతుంది.

తెల్ల బట్టలు కొంత మేలు. అంతకంటే ఎన్నో రెట్లు మేలు, వెలుగును వచ్చిన దారిలోనే తిప్పి పంపే రిఫ్లెక్టర్ పట్టీ. దాన్ని ఎక్కడ కట్టుకోవాలన్నది స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ 1973లో చేసిన ప్రయోగంతో తెలిసింది. మనుషుల కీళ్ల దగ్గర చిన్న దీపాలు కట్టి చీకట్లో నడిపించి, ఆ చుక్కల్ని మాత్రమే చూపించాడు. చూసినవాళ్లు అర సెకనులోపే "మనిషి నడుస్తున్నాడు" అని పోల్చారు. చుక్కలు కదలకుండా ఉంటే ఏమీ తోచలేదు. మెదడు నడకను అంత బాగా ఎరుగును. అందుకే రిఫ్లెక్టర్‌ను వీపు మీద అంటించుకుంటే అది ఏ బోర్డో, ఏ డ్రమ్మో అని డ్రైవర్ అనుకోవచ్చు. చీలమండల దగ్గర, మణికట్ల దగ్గర కట్టుకుంటే అది ఊగుతుంది, మనిషని వెంటనే తెలిసిపోతుంది. ఫిన్లాండులో చీకట్లో నడిచేవాళ్లు రిఫ్లెక్టర్ పెట్టుకోవాలని చట్టంలోనే ఉంది. మన దగ్గర తెల్లవారుజామున పాలకేంద్రానికి పోయేవాళ్లకు, వాకింగ్‌కు వెళ్లేవాళ్లకు, కాలినడకన తిరుపతికో శ్రీశైలానికో పోయే భక్తులకు రెండు పట్టీలు కాళ్లకు కట్టుకోవడం పెద్ద ఖర్చు కాదు.

ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడి అంచున నడవండి. మన బండ్లు ఎడమవైపు పోతాయి కాబట్టి, మన అంచున వచ్చే బండి అప్పుడు ఎదురుగా వస్తుంది. ఎడమ అంచున నడిస్తే వెనక నుంచి వచ్చేదాని గురించి చెవి ఒక్కటే దిక్కు, ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాక ఆ దిక్కూ సన్నగిల్లింది. బస్సు దిగాక దాని ముందు నుంచి దాటకండి. బస్సును ఓవర్‌టేక్ చేసి వచ్చే బైకువాడికి మీరు కనిపించేసరికి మీకూ అతనికీ మధ్య రెండు మీటర్లు కూడా ఉండవు. బస్సు పోయేదాకా ఆగితే పోయేది అర నిమిషం. నాలుగు వరుసల రోడ్డును ఒక్క ఊపున దాటొద్దు. డివైడర్ దగ్గర ఆగి, రెండో సగాన్ని కొత్తగా చూసుకుని దాటండి.

రోడ్డు చేసే తప్పు

కారు కిందపడి బ్రిటన్‌లో మొదట చనిపోయింది బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే నలభై నాలుగేళ్ల ఆమె. 1896 ఆగస్టు 17న, లండన్ క్రిస్టల్ పాలెస్ ఆవరణలో. గంటకు నాలుగు మైళ్ల వేగంతోనే పోతున్నానని డ్రైవర్ చెప్పాడు. ఇలాంటిది మళ్లీ జరగకూడదని విచారణ అధికారి ఆశపడ్డాడు. ఇప్పుడు ప్రపంచంలో రోడ్ల మీద ఏటా 11.9 లక్షల మంది చనిపోతున్నారని, వారిలో 23 శాతం కాలినడకన పోయేవాళ్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక.

బండి వేగం మీద హద్దు పెట్టాలా, మనిషి నడక మీద పెట్టాలా అన్న తగాదా కూడా పాతదే. 1923లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో కార్లు గంటకు 25 మైళ్లు దాటకుండా యంత్రం బిగించాలని నలభై రెండు వేల మంది సంతకాలు పెట్టారు. కార్ల అమ్మకందార్లు ఏకమై దాన్ని ఓడించారు. ఆ తర్వాత ఎక్కడపడితే అక్కడ దాటడమే నేరమన్న ప్రచారం ఊపందుకుంది. మనం ఈరోజు అవ్వను తప్పుపట్టే తీరు అక్కణ్నుంచి దిగుమతైందే.

మన ఇంజనీర్లకు ఇష్టమైన పరిష్కారం ఫుట్ ఓవర్ బ్రిడ్జి. హైదరాబాదులో కొన్నింటికి లిఫ్టులూ ఎస్కలేటర్లూ పెట్టారు, అవి పనిచేసినంతకాలం మంచిదే. మెట్ల వంతెన సంగతి వేరు. 1965లో బ్రిటన్‌లో మూర్, ఓల్డర్ అనే ఇద్దరు పరిశోధకులు కొలిచి చూశారు. వంతెన మీద నుంచి పోవడానికీ కింద దాటడానికీ ఒకే సమయం పడితే 70 శాతం మంది వంతెన ఎక్కారు. అదే సమయం పట్టే సబ్‌వే అయితే 95 శాతం మంది వాడారు. వంతెనకు సమయం సగం పెరిగితే చాలు, దాదాపు ఎవరూ ఎక్కలేదు. ఇది క్రమశిక్షణ లేకపోవడమనడం తేలిక. మోకాళ్ల నొప్పులున్న మనిషిని రెండంతస్తులు ఎక్కి దిగమని, కారులో కూర్చున్నవాడిని బ్రేకు కూడా తొక్కనక్కర్లేదనడం ఎవరి సౌకర్యం కోసమో వేరే చెప్పాలా?

పనిచేసే పరిష్కారాలు చూడటానికి సాదాసీదాగా ఉంటాయి. ఫుట్‌పాత్ ఎత్తుకు రోడ్డును లేపి కట్టిన క్రాసింగ్ అయితే దాటే మనిషి మెట్టు దిగనక్కర్లేదు, బండే ఎక్కి దిగాలి, దానంతటదే నెమ్మదిస్తుంది. స్పీడ్ బ్రేకర్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలున్నాయి: ఎత్తు 10 సెంటీమీటర్లు, పొడవు 3.7 మీటర్లు, దాటే వేగం 25. మన వీధుల్లో రాత్రికి రాత్రే వెలిసే నిట్టనిలువు గుట్టలు బైకుల్ని పడేయడానికి తప్ప దేనికీ పనికిరావు. ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలని కూడా ఆ కాంగ్రెసే చెప్పింది. ట్రాన్స్‌ఫార్మరూ పానీపూరీ బండీ పోను ఎంత మిగిలిందో మీ వీధిలో కొలిచి చూడండి.

మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 ఉండాలని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ మంత్రుల సమావేశం ప్రకటించింది. మన కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో పట్టణ రోడ్ల మీద కార్లకు పెట్టిన గరిష్ఠ పరిమితి 70. హెల్సింకి తన వీధుల్లో చాలాభాగాన్ని 30కి తెచ్చింది. 2019లో ఆ నగరంలో నడిచేవాళ్లెవరూ రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు. ఓస్లోలోనూ అంతే. అక్కడివాళ్ల కళ్లు మనకంటే చురుకైనవి కావు.

బండి నడిపేవాళ్లకు ఒక్క మాట. రోడ్డు అంచున మనిషి కనబడగానే, వాళ్లు దిగుతారో లేదో తేలేదాకా వేచి చూడకుండా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి బ్రేకు మీద ఆనించి ఉంచండి. ఆ సెకనున్నరలో సగం అప్పుడే కలిసొస్తుంది. మీ ఊరి మీదుగా హైవే పోతుంటే, "నెమ్మదిగా వెళ్లండి" అన్న బోర్డు కోసం అర్జీ పెట్టకండి. ప్రతి జిల్లాకూ కలెక్టర్ అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. నేల మట్టంలోనే నడిచిపోయే అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు, దాటేచోట వీధిదీపాలు కావాలని దానికి రాతపూర్వకంగా రాయండి. జాతీయ రహదారి అయితే 1033కు కూడా ఫోన్ చేయండి. ఊరి లోపలి రోడ్డయితే, పంచాయతీనో మునిసిపాలిటీనో బడి ముందు ఎత్తు క్రాసింగ్ ఒకటి, సరైన కొలతలతో అడగండి. అర్జీకి ఈ అధ్యాయంలోని అంకెలు జత చేసినా నాకు అభ్యంతరం లేదు.